పెట్రోల్ కారవాన్, డీజిల్ కారవాన్: ఓరుగల్లు దారుల్లో రెండు బండ్ల సమీక్ష

కారవాన్ అనగానే మనవాళ్లకు షూటింగుల దగ్గర సినిమా తారల కోసం నిలబెట్టే ఏసీ బస్సు గుర్తుకు వస్తుంది. పడుకోవడానికి పరుపు, వండుకోవడానికి చిన్న గట్టు, సామాన్లకు అరలు ఉండే చిన్నపాటి ఇల్లులాంటి బండ్లు మాత్రం ఈ మధ్య మన రోడ్ల మీద కూడా అప్పుడప్పుడూ కనిపిస్తున్నాయి. మేడారానికో, కాళేశ్వరానికో, ఆదిలాబాద్ వైపు జలపాతాలకో కుటుంబంతో వెళ్లాలనుకునేవారు వీటిని అద్దెకు తీసుకుంటున్నారు. ఓపిక ఉన్నవారు సొంతానికి చేయించుకుంటున్నారు. వీటి గురించి నన్ను అడిగిన వారందరిదీ ముందుగా ఒకటే సందేహం: పెట్రోల్ బండి మంచిదా, డీజిల్ బండి మంచిదా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. బండి రోడ్డు మీద ఎంత నిలకడగా నడుస్తుంది, దాన్ని కట్టిన పనితనం ఎన్నాళ్లు మన్నుతుంది అన్న రెండు విషయాల్లోనూ ఇంధనం పాత్ర మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. డీజిల్‌కు వస్తున్న మంచి పేరులో సగం పొడవాటి వీల్‌బేస్‌కు (ముందు, వెనుక చక్రాల మధ్య దూరానికి) దక్కవలసింది. పెట్రోల్ మీద పడుతున్న నిందలో సగం, వెనుక భాగంలో ఇష్టమొచ్చినట్టు బరువు పేర్చి బండి బాడీ కట్టినవారి మీద పడవలసింది. ఇంధనం వల్లనే వచ్చే తేడాలు కొన్ని ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు; అయితే అవి జనం చెప్పుకునేవి కావు.

నేను పోల్చిన బండ్లలో మొదటిది మారుతి ఈకో మీద కట్టిన పెట్రోల్ బండి. ఒక మిత్రుడు వరంగల్‌లోనే ఒక వర్క్‌షాపులో చేయించుకున్నాడు. 1197 సీసీ ఇంజను, సుమారు 81 పీఎస్ (అశ్వశక్తి కొలత) శక్తి, 104 న్యూటన్ మీటర్లకు కాస్త పైన టార్క్ (ఇంజను తిప్పే బలం), 2350 మి.మీ. వీల్‌బేస్ దీని లెక్కలు. రెండోది మనం టెంపో ట్రావెలర్ అని పిలుచుకునే ఫోర్స్ ట్రావెలర్‌లో 3350 మి.మీ. వీల్‌బేస్ రకం మీద కట్టిన డీజిల్ బండి; హైదరాబాద్ నుంచి డ్రైవర్‌తో సహా అద్దెకు తెప్పించుకున్నాము. బజాజ్ టెంపో సంస్థ ఫోర్స్ మోటార్స్‌గా మారింది 2005లోనే అయినా మన నోట మాత్రం టెంపో పోలేదు. మెర్సిడెస్ మూలాలున్న దాని 2.6 లీటర్ల ఇంజను 115 పీఎస్ శక్తిని, 350 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. పరిమాణంలో వీటికి పొంతన లేదు, కాబట్టి ఈ పోలిక న్యాయమైనదేనా అని ఎవరైనా అడగవచ్చు. మన దగ్గర పెట్రోల్ కారవాన్ అంటే దాదాపుగా చిన్న వ్యానే, డీజిల్ కారవాన్ అంటే దాదాపుగా టెంపో ట్రావెలరో దాని తరువాత వచ్చిన అర్బేనియానో. కొనేవారి ముందు నిజంగా ఉన్న ఎంపిక ఇదే కనుక పోలిక కూడా వీటి మధ్యనే జరగాలి.

హనుమకొండ నుంచి ములుగు వైపు 163వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లినప్పుడు రెండు బండ్ల స్వభావాలూ త్వరగానే బయటపడతాయి. ఆత్మకూరు దాటాక ఎదురుగా గోదావరి ఇసుక లారీలు వరుసగా వస్తుంటాయి. లారీ మనల్ని దాటే క్షణంలో ముందు గాలి బయటికి నెడుతుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. ఈకో వెడల్పు 1475 మి.మీ., ఎత్తు 1825 మి.మీ.; అంటే నిలువెత్తు ఎక్కువ, పీట తక్కువ. దాని మీద క్యారియర్, సోలార్ పలక, గుడారం పెట్టె ఎక్కిస్తే గాలి పట్టే పక్కభాగమూ పెరుగుతుంది, బరువు కేంద్రమూ పైకి జరుగుతుంది. అందువల్ల ఈ బండిలో స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని లారీ లారీకీ చిన్నగా సర్దుకుంటూ ఉండాలి. ట్రావెలర్‌లో ఆ తోపు తెలియకపోదు గానీ, బండి బరువు, పొడవు కలిసి దాన్ని మింగేస్తాయి. పక్కన కూర్చున్నవారికి పట్టుబడదు. ఇదే చూసి డీజిల్ బండి రోడ్డును పట్టుకుంటుందని అంటారు. నిజానికి పట్టుకుంటున్నది మూడున్నర టన్నుల బరువు, మరో మీటరు ఎక్కువున్న వీల్‌బేస్. అదే చాసిస్‌లో పెట్రోల్ ఇంజను పెట్టినా అంతే నిలకడగా వెళుతుంది.

అమెరికాలో ఈ చర్చ ఏనాటి నుంచో నడుస్తోంది, అక్కడి విషయం చూస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. అక్కడ బస్సు ఆకారంలో ఉండే పెద్ద పెట్రోల్ మోటార్‌హోమ్‌లు చాలావరకు ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ మీద వస్తాయి. ఇంజను ముందు, ఉక్కు పట్టీలు పేర్చిన కట్టల స్ప్రింగులు కింద. ఒకప్పుడు 6.8 లీటర్ల వీ10 ఇంజను ఉండేది, తరువాత 7.3 లీటర్ల వీ8 వచ్చింది. డీజిల్ రకాల్లో ఫ్రైట్‌లైనర్, స్పార్టన్ వంటి చాసిస్‌లు, వెనుక అమర్చిన కమ్మిన్స్ ఇంజను, గాలి బెలూన్ల సస్పెన్షన్, ఎయిర్ బ్రేకులు ఉంటాయి. డీజిల్ బండి మెత్తగా వెళుతుందని, డ్రైవర్ చెవిలో హోరు ఉండదని అక్కడివారు చెప్పేది నిజమే. అయితే ఆ మెత్తదనం గాలి బెలూన్లది, ఆ నిశ్శబ్దం ఇంజను వెనుక ఉండడం వల్ల వచ్చినది. పెట్రోల్ చాసిస్ కొన్నవారు స్టీరింగ్ స్టెబిలైజర్లు, వెనుక ఇరుసు పక్కకు ఊగకుండా అడ్డకడ్డీలు, మలుపుల్లో బండి ఒరగకుండా మందమైన యాంటీ రోల్ బార్లు వేయించుకుని చాలా తేడాను పూడ్చుకుంటారు. మన ట్రావెలర్‌లో ఇంజను వెనుక ఉండదు, గాలి బెలూన్లూ ఉండవు. కాబట్టి అమెరికా వీడియోలు చూసి ఇక్కడ డీజిల్ కారవాన్ అడిగితే ఆ సుఖం రాదు.

వెనుక బరువు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నా లెక్కలో నిలకడకు సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మేము అద్దెకు తీసుకున్న డీజిల్ బండిలో నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, ఇన్వర్టరు అన్నీ వెనుక తలుపును ఆనుకుని ఉన్నాయి. నీళ్లు 120 లీటర్లు, మిగతావి 80 కిలోలు అనుకుంటే మొత్తం 200 కిలోలు. అది వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల అవతల ఉన్నదనుకుందాము. 3350 మి.మీ. వీల్‌బేస్ మీద లెక్కవేస్తే వెనుక ఇరుసు మీద పెరిగేది 200 కాదు, సుమారు 272 కిలోలు. ఆ పైనున్న 72 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయిన బరువు. ముందు చక్రాలు తేలికైనప్పుడు స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది, స్పీడ్‌బ్రేకర్ దిగాక ముందు భాగం రెండు మూడుసార్లు ఊగుతుంది, మలుపులో బండి మనం తిప్పినంత తిరగదు. అదే ట్యాంకును రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా, మంచం కింద అమర్చి ఉంటే ఈ బాధలేవీ ఉండవు. చిన్న పెట్రోల్ బండిలో ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది, వెనుక ఇరుసు అవతల జాగా కూడా తక్కువ. అందువల్ల తప్పు చేయాలన్నా పెద్ద తప్పు చేయడానికి చోటు ఉండదు. దాని కష్టం వేరు. బండి, మనుషులు, సామాను అంతా కలిపి ఒకటిన్నర టన్నుల దగ్గర దాని పరిమితి అయిపోతుంది. నలుగురు పెద్దవాళ్లు ఎక్కి, ప్లైవుడ్ మంచం, బ్యాటరీ, నీళ్లు కూడా ఉంటే ఇక పెట్టెలు పెట్టడానికి కిలోలు మిగలవు. వెనుక టైరు గోడలు ఉబ్బుగా కనిపిస్తుంటే ఆ సంగతి అర్థం చేసుకోవాలి.

పరకాలకు చెందిన మా డ్రైవర్ ఈ లెక్కలేవీ వేయకుండానే గట్టమ్మ గుడి దగ్గర బండి ఆపినప్పుడు అసలు మాట చెప్పాడు. "సార్, డీజిల్ బండి గట్టిగుంటది, పెట్రోల్ బండి ఊగుతది అంటరు గని, నీళ్ల ట్యాంకు నిండుగుంటే ఏ బండైనా ఎనకకే గుంజుతది. నేనైతే సగమే నింపుతా, మేడారంల నీళ్లు దొరకయా ఏంది?" ఆయన మాట మీద మేము ట్యాంకు సగానికి ఖాళీ చేశాము. జంగాలపల్లి దాటేసరికి స్టీరింగ్‌లో తేడా నాకే తెలిసింది. ఒక్క హెచ్చరిక మాత్రం చేర్చాలి: సగం నిండిన ట్యాంకులో లోపల అడ్డుపలకలు లేకపోతే మలుపుల్లో నీళ్లు ఒకవైపు నుంచి ఇంకోవైపు దొర్లి బండిని కుదుపుతాయి. ట్యాంకును తట్టి చూస్తే తెలియదు, కట్టినవారిని అడిగి తెలుసుకోవలసిందే.

ఇంధనం తన ప్రభావం నిజంగా చూపించేది ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. వరంగల్ చుట్టుపక్కల చెప్పుకోదగ్గ ఘాట్ రోడ్డు లేదు కనుక దీనికి ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే దారిలోని కెరమెరి ఘాట్‌ను గీటురాయిగా తీసుకున్నాను. నిండా ఎక్కించిన ఈకోను ఒకటిన్నర టన్నులు, ట్రావెలర్‌ను మూడున్నర టన్నులు అనుకుంటే, టన్నుకు పెట్రోల్ బండికి 70 న్యూటన్ మీటర్ల టార్క్, డీజిల్ బండికి 100 వస్తుంది. శక్తిని చూస్తే తారుమారు: పెట్రోల్ బండికి టన్నుకు 54 పీఎస్, డీజిల్‌కు 33 మాత్రమే. ఈ రెండు అంకెల్లోనే రెండు బండ్ల నడక అంతా ఉంది. డీజిల్ ఇంజనుకు ఆ టార్క్ నిమిషానికి 1400 తిప్పుల దగ్గరి నుంచే అందుతుంది కనుక మలుపు తిరిగి, వేగం చచ్చిపోయిన చోట కూడా గేరు మార్చకుండా గునగునా ఎక్కిపోతుంది. పెట్రోల్ ఇంజనును 3000 దాటించి అరిపిస్తే తప్ప లాగదు, మలుపు మలుపుకూ రెండో గేరు, ఒక్కోచోట మొదటి గేరు పడుతుంది. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు మాత్రం కరీంనగర్ గ్రానైట్ లారీని దాటడానికి చిన్న బండే చురుకు. ట్రావెలర్‌తో ఆ పని చేయాలంటే ఎదురు రోడ్డు చాలా దూరం కనిపించాలి.

దిగేటప్పుడు ఇంజను బ్రేకు గురించి మన డ్రైవర్లలో ఒక నమ్మకం ఉంది: డీజిల్ ఇంజను కుదింపు ఎక్కువ కాబట్టి గేరులో బండిని బాగా ఆపుతుందని. అది పూర్తిగా నిజం కాదు. పెట్రోల్ ఇంజనులో యాక్సిలరేటర్ వదలగానే గాలి తలుపు మూసుకుంటుంది, ఇంజను ఆ ఖాళీకి ఎదురు గాలి పీల్చుకోవలసి వస్తుంది, ఆ శ్రమే బండిని వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్‌లో గాలి దారి సాధారణంగా తెరిచే ఉంటుంది. కుదించిన గాలి స్ప్రింగులాగా మళ్లీ పిస్టన్‌ను తోసేస్తుంది కనుక ఆపే బలం తక్కువ. భారీ బండ్లకు ఎగ్జాస్ట్ బ్రేకు విడిగా పెట్టేది అందుకే. కాబట్టి నిండు కారవాన్‌తో కెరమెరి దిగేటప్పుడు డీజిల్ బండిని మొదటి నుంచీ రెండో గేరులోనే ఉంచాలి. మూడోలో దించి బ్రేకు తొక్కుతూ పోతే కిందికి చేరేసరికి బ్రేకుల వాసన వస్తుంది. ఇంధనం మిగులుతుందని ఇంజను ఆపి దించడం రెండు బండ్లలోనూ ప్రమాదమే, ఎందుకంటే ఇంజను ఆగితే బ్రేకుకు దొరికే వాక్యూమ్ సహాయం కూడా కాసేపటికి అయిపోతుంది.

గుంతల రోడ్డు మీద రెండింటికీ మంచి మార్కులు వేయలేను. ఈకోకు వెనుక కాయిల్ స్ప్రింగులు ఉండడం వల్ల చిన్న ఎగుడుదిగుడులు మెత్తగానే పోతాయి గానీ 13 అంగుళాల చక్రం గుంతలో పూర్తిగా దిగిపోతుంది. ట్రావెలర్ వెనుక కట్టల స్ప్రింగులు బండి ఖాళీగా ఉన్నప్పుడు నడుము విరిచేలా ఎగరేస్తాయి, బరువు పడ్డాక సర్దుకుంటాయి. వరంగల్–కరీంనగర్ దారిలో విస్తరణ పనుల కోసం మళ్లించిన మట్టిరోడ్డు మీద పెద్ద చక్రాల బండిదే పైచేయి అయింది. ఇరుకు దారుల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఖిలా వరంగల్ రాతికోట ద్వారంలో మెలిక తిరిగి లోపలికి వెళ్లేటప్పుడు ట్రావెలర్ వెనుక మూల గోడకు ఎంత దూరంలో ఉందో దిగి చూడవలసి వచ్చింది. చిన్న బండి ఆటోలాగా జారిపోయింది. మండి బజార్ వైపు కారవాన్‌తో వెళ్లే ఆలోచన ఎవరికైనా ఉంటే చిన్నదానితోనే వెళ్లాలి. మిత్రుడి బండికి పవర్ స్టీరింగ్ లేదు, అయినా ముందు బరువు తక్కువ కాబట్టి నిలబడ్డ చోట తిప్పడం మరీ కష్టం కాలేదు.

వేడి, చప్పుడు, పొగ అనేవి ఇంధనానికి నేరుగా చెందినవి. డీజిల్ బండి నిలబడి ఉన్నప్పుడు చేసే టకటక శబ్దం, వణుకు నిద్రపోయేవారికి నచ్చదు. పెట్రోల్ ఇంజను ఆడుతోందో ఆగిందో కూడా తెలియదు. ఆ నిశ్శబ్దమే ఒక ముప్పు. ఏసీ కోసం ఇంజను ఆడిస్తూ తలుపులు బిగించుకుని పడుకోవడం ఏ బండిలోనూ చేయకూడదు, పెట్రోల్ బండిలో అసలే చేయకూడదు, ఎందుకంటే దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ పాలు ఎక్కువ, దానికి రంగూ వాసనా ఉండవు. గోడ పక్కనో పొదల పక్కనో నిలిపిన బండిలోకి అది తెలియకుండా చేరుతుంది. ఇక 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లతో ఒక కొత్త పని వచ్చింది. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది; అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద వేడెక్కేలా తిరగాలి. ఏడాదంతా ఇంటి ముందు నిలిపి, జాతరకు మాత్రం తీసేవారికి ఈ విషయంలో పెట్రోలే హాయి. కొన్ని డీజిల్ రకాలకు డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవాన్ని కూడా విడిగా పోయవలసి ఉంటుంది.

పనితనం విషయానికి వస్తే, నేను ఊహించని ఫలితం వచ్చింది. అద్దె డీజిల్ బండి చూడగానే కళ్లు చెదిరేలా ఉంది: మెరిసే లామినేట్, నీలం రంగు లైట్లు, తోలు సీట్లు. తాడ్వాయి అడవి దారిలో వెళ్లి ఆగిన తరువాత పై అర తలుపు కింద పరచిన తెల్ల దుప్పటి మీద గోధుమరంగు పొడి సన్నగా రాలి ఉండడం గమనించాను. కబ్జా స్క్రూ పట్టిన చోట పొట్టు చెక్క అరిగి, రంధ్రం వెడల్పై, స్క్రూ చేత్తోనే తిరుగుతోంది. పైన లామినేట్, లోపల పొట్టు అతికించిన పలక! అటువంటి పలక స్క్రూను పట్టి ఉంచలేదు, తడి తగిలితే ఉబ్బుతుంది. సింకు కింద అప్పటికే అంచు పట్టీ లేచి, పలక వేలి మందాన వాచింది. మిత్రుడి చిన్న బండిలో మెరుపు లేదు, ముట్టుకుంటే అంచులు కాస్త గరుకు కూడా. అయినా దాన్ని చేసిన వడ్రంగి నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్ వాడాడు, అరలను బండి రేకుకు స్క్రూలతో కాకుండా బోల్టు, నట్టులతో బిగించాడు, ప్రతి సొరుగుకూ నొక్కితేనే తెరుచుకునే గొళ్లెం పెట్టాడు. అదే గతుకుల దారిలో ఒక్క సొరుగు కూడా ఊడి రాలేదు. ఇంట్లో వాడే మెత్తగా మూసుకునే సొరుగు పట్టాలు బండికి పనికిరావన్న సంగతి ఆయనకు తెలుసు. ఖరీదైన బండి కట్టినవారికి తెలియలేదో, పట్టలేదో.

పైకప్పు కోత అంతకంటే తీవ్రమైన విషయం. ఈ వ్యాన్లలో లారీలకున్నట్టు కింద విడి చట్రం ఉండదు. రేకు శరీరమే బరువు మోస్తుంది. ఏసీ కోసమో, గాలి కిటికీ కోసమో పైన కోసేటప్పుడు అడ్డ పట్టీలను తెంపేసి, చుట్టూ మళ్లీ బలమైన చట్రం వేయకపోతే కొన్నాళ్లకు తలుపులు సరిగా పడకపోవడం, అద్దం మూలల నుంచి చీలికలు రావడం మొదలవుతాయి. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా ప్రైమరు పూశారా, మామూలు సిలికాన్‌తో సరిపెట్టారా, కదిలినా విడిపోని పాలీయురేథేన్ సీలెంటు వాడారా అని తప్పక అడగాలి. వాన పడ్డ మరునాడు బండి చూడడానికి వెళ్లడం ఉత్తమం; కిటికీ కింది మూలల్లో చేయి పెడితే నిజం తెలిసిపోతుంది. మేము తీసుకున్న డీజిల్ బండిలో ఏసీ పక్కన లోపలి గుడ్డ మీద పసుపు వలయం ఉంది. అడిగితే అది పాత మరక అన్నారు.

కరెంటు లెక్క కూడా కొనేవారు స్వయంగా వేసుకోవాలి. ఒక టన్ను ఏసీ నడవడానికి సుమారు ఒక కిలోవాటు కావాలి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1.8 యూనిట్లు, దాని ఆయువు చెడకూడదంటే సగమే వాడుకోవాలి. అంటే ఒక గంట కూడా రాదు. రామగుండం ఎండల్లో రాత్రంతా ఏసీ వస్తుందని అమ్మేవారు చెబితే ఎన్ని లిథియం బ్యాటరీలు, ఎన్ని యూనిట్లు అని అడగాలి. అయిదు యూనిట్ల నిల్వ ఉన్నా నాలుగు గంటలకు మించి ధీమాగా చెప్పలేము. ఈ చోట డీజిల్ బండిది స్పష్టమైన మేలు: బరువు మోయగలదు కనుక పెద్ద బ్యాటరీలను భరిస్తుంది. చిన్న బండిలో ఏసీ మాట మరిచి, మంచి ఫ్యాను, కిటికీలకు దోమల జాలీ, పైకప్పు లోపల మందమైన ఫోము వేయించుకోవడమే మేలు. వంటగ్యాస్ సిలిండరు పెట్టినట్టయితే అది ఉన్న అరకు అట్టడుగున బయటికి రంధ్రం ఉండాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కనుక కారితే నేల మీదే పేరుకుంటుంది. అద్దె బండిలో ఆ రంధ్రం పైన ఉంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడానికి వీల్లేదు, కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. ఆర్‌సీలో బండి రకం ఏమని రాసి ఉందో, ఇన్సూరెన్సులో అదే ఉందో చూడకుండా బయానా ఇవ్వరాదు. మొత్తం బరువు 7500 కిలోల లోపు కనుక రెండు బండ్లకూ మామూలు కారు లైసెన్సు చాలు.

ఎవరికి ఏది అంటే నా ఎంపిక ఇది. భార్యాభర్తలు ఇద్దరే, రామప్ప, లక్నవరం, పాకాల వంటి దగ్గరి చోట్లకు, ఏడాదికి కొద్దిసార్లు తిరిగేట్టయితే చిన్న పెట్రోల్ బండి చాలు. నిలబడి బట్టలు మార్చుకోలేరు, అది ఒప్పుకోవాలి. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి కేస్లాపూర్ దాకానో, గోదావరి దాటి అవతలికో వెళ్లేట్టయితే డీజిల్ బండే, అదీ నీళ్లు, బ్యాటరీలు ఇరుసుల మధ్య పెట్టి కట్టినదైతేనే. లీటరు ధరలో ఉన్న తేడాను చూసి డీజిల్ ఎంచుకోవలసిన పని లేదు. పెద్ద బండి తాగేది కూడా ఎక్కువే కనుక ఆ ఆదా మిగలదు. మేము అద్దెకు తీసుకున్న బండిని మళ్లీ తీసుకోను, అదే చాసిస్ మీద మంచి వడ్రంగి చేత కట్టించినది దొరికితే తీసుకుంటాను. సొంతానికి చేయించేవారు వర్క్‌షాపుతో మాట్లాడేటప్పుడు లోపలి పలక ఏ రకమో, పైకప్పు సీలెంటు ఏదో, ట్యాంకు ఎక్కడో కొటేషన్‌లోనే రాయించుకుని, పని పూర్తయ్యాక నీళ్లు నింపిన బండిని దగ్గరలోని లారీల కాంటా మీదికి తీసుకువెళ్లి ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూయించి, ఆ చీటీ చూశాకే చివరి వాయిదా ఇవ్వాలి.